కిటికీ ఎదుటి కంచె

“ఇదేంటో చూడండి. కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూడండి!”

పళ్ళ డాక్టరమ్మ చేతిలోని మొలకను పక్కింటి డ్రైవరుగారి ముక్కు దాకా తెచ్చింది. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. జీవితమంతా బస్సు హారన్ల మధ్య బతికి రిటైరైన మనిషి, అయినా ఆ గొంతుకు చెవులు గింగురుమన్నాయి.

“లంటానా మొలకేనమ్మా.”

“నా ఊట పక్కకి ఎలా వచ్చిందది? నా నేలలో కంప మొత్తం నరికేశాను. పై గట్టున మిగిలిన కాసిని పొదలూ ఇవాళ్టితో సరి. ఇక మీ కంచె కాక ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?” ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపింది. తెల్ల గ్లోవ్స్ నిండా నల్లటి మరకలు. “చూశారా? దీని కాయలు ముట్టుకుంటే ఇలా అంటుతుంది రసం. కాయకో విత్తనం. విత్తనానికో దయ్యం!”

“నర్సరీ అతను ఈ రకం...”

“నర్సరీ అతను అమ్ముకోడానికి సవాలక్ష చెప్తాడు. పిట్ట కూడా వాలని కంచె, ఎందుకండీ అది మీకు?”

డ్రైవరుగారు తన ఇంటి కిటికీ వైపు చూశాడు. దాని వెనక కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉంది.

“మా ఆవిడకి చూపు బాగా మందగించింది డాక్టరమ్మా. మనుషుల మొహాలు ఆనవు. ఆ నారింజరంగు గుత్తులు మాత్రం మసగ్గా కనిపిస్తాయట. పొద్దున లేస్తూనే అక్కడ చేరుతుంది.”

“ప్లాస్టిక్ పూలు కట్టండి. వాటికి విత్తనాలుండవు.”

అనేసి గిరుక్కున తిరిగి వచ్చేసింది. అన్నాక నాలుక కాస్త చురుక్కుమంది కానీ, ఊట దగ్గర మరో నాలుగు మొలకలు కనిపించేసరికి ఆ చురుకు కూడా కోపంలో కలిసిపోయింది.

ఇంటి వెనక వాలు నేల ఆవిడ సొంతం. కొన్నప్పుడు అదంతా లంటానాయే. ఎవరో అందానికని ఎక్కణ్ణుంచో తెచ్చిన పొద, ఈ నేలలో పుట్టిన గడ్డినీ చెట్లనూ పీక నొక్కి కూర్చుంది. దాని కింద ఊట కూడా సన్నగిల్లిపోయింది. పుచ్చిన పన్నునైనా పీకకుండా కాపాడదామని చూసే డాక్టరమ్మ ఇక్కడ మాత్రం ఒక్క వేరునూ వదల్లేదు. క్లినిక్‌లో నోరు పుక్కిలించడానికిచ్చే కాగితం కప్పుల్లో ఈ నేల మొక్కల నారు పోసింది. పెంచి తెచ్చి ఊట చుట్టూ నాటింది. నీళ్ళు ఊరాయి. కప్పలు తిరిగొచ్చాయి. వాటి బెకబెకలు వింటూ ఆవిడ ఏడ్చినంత పని చేసింది.

ఇప్పుడా నేలలోకి మళ్ళీ ఈ మొలకలు. పీకేకొద్దీ వస్తున్నాయి. ఆవిడ ఒళ్ళు మండిపోతోంది.

నరికిన కంపను డాక్టరమ్మ బయట పారేసేది కాదు. పూతా కాయా ఆకూ ఏదీ వేరు చేయకుండా ముక్కలు చేసే మిషన్లోకి తోసి, పొట్టును బుట్టకెత్తి, తన మొక్కల మొదళ్ళలో పోసేది.

“ఇన్నేళ్ళూ నా నేలను తింది. ఇక నా మొక్కలు దీన్ని తింటాయి,” అంది ఆ సాయంత్రం కూడా, బుట్ట బోర్లిస్తూ.

“పళ్ళు అలా కొరక్కు. అరిగిపోతాయని పేషంట్లని తిట్టేది నువ్వేగా,” అన్నాడు భర్త.

“మీకంతా వేళాకోళమే. ఆ కంచె ఉన్నంతకాలం నేను పీకుతూనే ఉండాలి. నేనా, అదా, తేలిపోవాలి.”

“పెద్దావిడ కళ్ళకి ఆనే పూలే...”

“నా కప్పలకి కళ్ళు లేవా?”

భర్త ఖాళీ బుట్ట అందుకుని లోపలికి నడిచాడు.

మరుసటి వారం పీకిన మొలకలన్నీ బుట్టలో నింపి, డ్రైవరుగారి గుమ్మంలో కుమ్మరించి వచ్చింది. ఆయన గొడ్డలి తీసుకుని బయటికొచ్చాడు. ఎంతో ఓపిగ్గా పెంచిన కంచెను తనే మొదలంటా నరుక్కుంటూ పోయాడు. వేళ్ళు కూడా తవ్వేశాడు.

డాక్టరమ్మ కొత్త గ్లోవ్స్ తొడుక్కుని కొమ్మలు మోసింది. ఒక్క రెమ్మ కూడా ఉండనివ్వకూడదని పంతం. పని ముగిసేసరికి పొద్దు వాలింది.

“అదేంటి, అంత కంప మోశావు, గ్లోవ్స్ మల్లెపూవుల్లా ఉన్నాయే!” అన్నాడు భర్త.

“మంచి గుడ్డ. ఈసారి ఖరీదైనవి కొన్నాను.”

అప్పుడే పక్కింట్లోంచి సన్నటి గొంతు వినిపించింది. “ఏమండీ, కిటికీ మూసేశారా?”

“లేదే, తీసే ఉంది,” అంటున్నాడు డ్రైవరుగారు.

డాక్టరమ్మ విననట్టు గబగబా లోపలికి నడిచింది. గెలిచాననుకుంది. అన్నం మాత్రం సయించలేదు.

నాలుగు రోజులు వాన కురిసింది. తెరిపివ్వగానే ఆవిడ ఊట దగ్గరికి పరుగెత్తింది. చూస్తే మొలకలే మొలకలు, ఇదివరకటికంటే దట్టంగా.

“డ్రైవరుగారూ! వేళ్ళు సరిగ్గా తవ్వలేదు మీరు!” అని అరవబోయి కంచె తీసేసిన చోటుకేసి చూసింది. అక్కడంతా ఉత్త బురద. ఒక్క మొలక లేదు.

ఆవిడ మెల్లగా ఊట వైపు తిరిగి వంగింది.

ప్రతి మొక్క చుట్టూ, తను పొట్టు పోసినంత మేరే లేచాయి.