గోడ నీడ

“ఏడెనిమిదులెంత?” అడిగాడు లెక్కల మాస్టారు.

“యాభై నాలుగు,” అన్నాడు టైలరు.

“నిన్న అరవై రెండన్నావు.”

“నిన్నటి కొలత వేరు మాస్టారూ.”

క్లాసంతా గొల్లుమంది. అందరూ మీసాలు నెరుస్తున్న మగవాళ్లే. పగలంతా పనిచేసి, గంట కొట్టాక అదే యూనిఫాంలో వచ్చి బెంచీల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లు.

మాస్టారు నవ్వలేదు. భార్య పోయాక ఆయన నవ్వడం మానేశాడు. అంతకుముందు నవ్విందీ తక్కువే. రిటైరయ్యాక ఇంట్లో కుర్చీలతో మాట్లాడలేక, జీతం లేకపోయినా ఈ క్లాసుకి ఒప్పుకున్నాడు. ఇదీ లేకపోతే ఆయనకి సాయంత్రం అనేదే లేదు.

తలుపు దగ్గర నిలబడి వింటున్న సూపరింటెండెంటు ముందుకొచ్చాడు.

“ఎందుకండీ మాస్టారూ ఈ గొంతు చించుకోవడం? లెక్కలు పుట్టుకతో రావాలి. వీడి బుర్రలోకి ఎక్కించాలంటే సుత్తీ మేకూ కావాలి.”

“సాధన చాలు. రోజూ కూర్చుంటే మీక్కూడా వస్తాయి.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సూపరింటెండెంటు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చదువు లెక్కల దగ్గరే ఆగిపోయిందని అక్కడ అందరికీ తెలుసు.

“అయితే చూద్దాం. నెలాఖరుకి ఈ టైలరు నేనిచ్చిన లెక్క నా కళ్లముందు చేయాలి. చేశాడా, మీ క్లాసు జోలికి రాను. చేయలేదా, మూసేస్తాను. దుప్పట్లు పెట్టుకోవడానికి గది లేక చస్తున్నాం.”

ఆయన వెళ్లిపోయాక మాస్టారు టైలర్ని ఆపాడు.

“నీ మూలంగా నా క్లాసు పోయేలా ఉంది. అసలు నీకెందుకయ్యా లెక్కలు?”

“మా అమ్మాయికి లెక్కలంటే భయం మాస్టారూ. ఎండాకాలంలో పరీక్షలు. ఆలోపు ఇంటికెళ్లి పక్కన కూర్చుని చెప్పాలి.”

“ముందు నీకు రావాలిగా.”

“వచ్చేదాకా వదలను. ఇక్కడ నాకు తీరికకేం తక్కువ?”

నిజంగానే వదల్లేదు. గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో కత్తిరింపు బల్ల మీద ఎక్కాలు రాశాడు. కుట్టు విభాగం ఇన్‌ఛార్జి కసిరితే నేల మీద రాశాడు. భిన్నాలు అర్థం కాకపోతే గుడ్డ పీలిక మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టి చూసుకున్నాడు. ముక్కు తుడుచుకోబోయి ముఖమంతా సుద్ద పులుముకుని క్లాసుకి వచ్చేవాడు.

ఒకరోజు ఏడెనిమిదులు యాభై ఆరన్నాడు. మర్నాడూ యాభై ఆరే అన్నాడు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

అక్కణ్ణుంచి బండి పరుగు అందుకుంది. త్రిభుజాలంటే టైలరు చెవి కోసుకునేవాడు. ఎత్తులూ దూరాలూ అయితే మరీను.

నెలాఖరు రానే వచ్చింది. ఎండ వాలుతున్న వేళ అందరూ ఆవరణలో గుమిగూడారు. సూపరింటెండెంటు చుట్టూ చూశాడు. ఎదురుగా ప్రహరీ కనిపించింది. ఆయన మొహం వెలిగింది.

“అదిగో, ఆ గోడ ఎత్తెంత? ఎక్కకూడదు. నిచ్చెన వేయకూడదు. చెప్పు చూద్దాం.”

“ఒక కర్ర ఇప్పించండి సార్.”

“నాదే తీసుకో. అదొక్కటే లోటు నీకు!”

టైలరు మెడలోని టేపు తీసి కర్ర పొడవు కొలిచాడు. దాన్ని నిటారుగా నిలబెట్టి నీడ కొలిచాడు. తర్వాత గోడ నీడ కొలిచాడు. కర్ర తన నీడలో ఎన్నో వంతో, గోడా తన నీడలో అన్నో వంతే. గొంతుక్కూర్చుని నేల మీద సుద్దతో చాలాసేపు గీకాడు. ఒకసారి చెరిపాడు.

“పద్దెనిమిది అడుగులు సార్.”

“సరిగ్గా చేశాడు!” అన్నాడు మాస్టారు.

“మీ శిష్యుడు. మీరు సరే అనక ఏమంటారు?” అన్నాడు సూపరింటెండెంటు కర్ర లాక్కుంటూ. “ఆ గోడ నేను రాకముందు నుంచీ ఉంది. ఎక్కి కొలిచినవాడు ఒక్కడూ లేడు. రుజువు చూపించండి. లేదంటే సోమవారం బెంచీలు బయటికి, దుప్పట్లు లోపలికి.”

టైలరు తప్ప అందరూ వెళ్లిపోయారు. మాస్టారు గోడ వంక చూస్తూ అక్కడే నిలబడిపోయాడు.

“బెంగపడకండి మాస్టారూ,” అన్నాడు టైలరు టేపు చుట్టుకుంటూ. “రుజువు నేను చూపిస్తాను.”

“ఎలా చూపిస్తావు?”

“మా పనిలో రుజువు ఒకటేనండి. కుట్టి, తొడిగి చూడటమే.”

మాస్టారికి అర్థం కాలేదు. మూర్ఖుడికి లెక్కలు నేర్పొచ్చుగానీ మాటలు నేర్పలేం అనుకున్నాడు.

సోమవారం పొద్దున, తన సుద్దపెట్టె తెచ్చుకుందామని మాస్టారు వచ్చేసరికి సూపరింటెండెంటు గేటు బయట రోడ్డు మీదే తల పట్టుకుని కూలబడి ఉన్నాడు. ఆయన వెనక, జైలు గోడ మీంచి దిగిన తాడు, దుప్పట్ల పీలికలు రెండు వరసల కుట్టుతో కలిపింది, ఒక్క అంగుళం ఎక్కువా తక్కువా లేకుండా నేలని ముట్టి ఆగింది.