పొగ లేని రోజు

"తాకట్టు లేకుండా లోనిచ్చే స్కీముకి ఈరోజే ఆఖరు. అయిదింటికి సిస్టం మూసేస్తుంది. ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?" అన్నాడు లోన్ ఆఫీసర్.

"నాలుగుసార్లు వచ్చాను సార్. ఖాతాకి ఆరు నెలలు నిండాలన్నారు. ఈరోజుకి నిండాయి."

ఆయన పాస్‌బుక్కు తెరిచాడు. లోపల జంట ఫొటో. నవ్వొద్దని ఫొటోగ్రాఫర్ ఎంత మొత్తుకున్నాడో ఏమో, ఇద్దరూ పెదాలు బిగబట్టుకుని మరీ నవ్వుతున్నారు.

"పెళ్లెప్పుడైంది?"

"ఖాతా తెరవడానికి ముందు రోజు సార్."

"బాగుంది. పెళ్లయిన మర్నాడు జనం సినిమాకెళ్తారు, మీరు బ్యాంకుకొచ్చారు."

ఆమె నవ్వబోయి, గడియారం చూసి ఆగిపోయింది. ఒళ్లో సంచి బరువుగా ఉంది. రెండు చేతులా పట్టుకుంది.

"సోలార్ పలకలు, బ్యాటరీలు... ఎందుకివన్నీ?"

"మా ఆయనకి పొగ పడట్లేదు సార్. పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే నిద్రపోతాడు. ఊపిరితిత్తులు సగం పోయాయంట. ఇంకా పొగలోనే ఉంటే మిగతా సగానికి పూచీ లేదన్నాడు డాక్టరు."

"ఈ వీధిలో పొగ ఎవరికి పడుతుంది చెప్పు? కరెంటు పోతే చాలు, వెనక షెడ్డులోంచి వీధంతటికీ కరెంటిచ్చే ఆ జనరేటర్ వాడు మొదలెడతాడు. వాడి మొహం నేనెప్పుడూ చూళ్లేదు గానీ, వాడికి మనుషుల ప్రాణాలంటే లెక్కలేదు. ఈరోజు పొద్దుట్నించీ కరెంటు పోలేదు కాబట్టి కిటికీ తెరుచుకోగలిగాం."

ఆమె తల దించుకుంది.

ఆయన ఒక్క వేలితో, ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుంటూ మొదటి పేజీ కంప్యూటర్లో ఎక్కించాడు. "ఇంకొక్క పేజీ. అదయితే నీ పనయినట్టే."

కరెంటు పోయింది.

స్క్రీను నల్లబడింది. అయిదుకి ఎనిమిది నిమిషాలు.

"బ్యాటరీ లేదా సార్?"

"అది చచ్చి ఏడాదైంది. కంగారుపడకు, వాడిప్పుడే జనరేటర్ వేస్తాడు."

ఏ చప్పుడూ లేదు. ఏమైందో చూసి రమ్మని ఆఫీసర్ ప్యూనుని షెడ్డుకి పంపాడు. ఏడు నిమిషాలు.

"రేపు చెయ్యడానికి కుదరదా సార్?"

"రేపటికి స్కీము ఉండదమ్మా. తాకట్టుకి ఇల్లో, స్థలమో ఉందా?"

"మేమిద్దరమే ఉన్నాం సార్."

ప్యూను ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

"షెడ్డులోనే ఉన్నాడు సార్. ఇంజన్ తిప్పే హ్యాండిల్ కనబడట్లేదంట. మూలమూలా గాలిస్తున్నాడు."

"ఇవాళే పోవాలా అది?" ఆఫీసర్ విసుక్కున్నాడు.

నాలుగు నిమిషాలు. ఆమె కిటికీ వంక చూసింది. చల్లని గాలి వస్తోంది.

లేచి వెళ్లి కిటికీ మూసింది. తర్వాత సంచి తెరిచి, ఈ ఒక్కరోజైనా మొగుడు ఆ పొగలో నిలబడకూడదని పొద్దున షెడ్డులోంచి తాను దాచి తెచ్చిన ఇనుప హ్యాండిల్‌ను ప్యూను చేతిలో పెట్టింది.