ఖాళీ తొట్టెల

“ఈ పిల్ల ఇక్కడెందుకుంది?”

బట్టలారేసే బాల్కనీలో, విడిచిన దుప్పట్ల మధ్య బోర్లా పడుకుని బొటనవేలు చీకుతున్న ఏడు నెలల పసిదాన్ని చూస్తూ అడిగింది సంయుక్త. ఆ ఇంట్లో పనిచేసే రోహిణి చేతిలోని గుడ్డను నలిపేసింది. రోజూ బిడ్డను చూసుకునే అత్త మోకాళ్ళ నొప్పితో దవాఖానకు పోయిందనీ, హఫీజ్‌పేటలో నమ్మి వదలడానికి ఇంకెవరూ లేరనీ, ఈ ఒక్క పూటేననీ చెప్పుకుంది.

సంయుక్త కోప్పడలేదు. ఆమె ఎవరిమీదా అరవదు.

“గెస్టులు లిఫ్ట్‌లో ఉన్నారు. పిల్ల గొంతు ఒక్కసారి వినిపించినా నీకిదే ఆఖరి రోజు,” అని, కుచ్చిళ్ళు సర్దుకుని, నవ్వు తగిలించుకుని తలుపు తీయడానికి వెళ్ళింది.

రోహిణి బాల్కనీ అద్దం తలుపు దగ్గరగా లాగి, మంచినీళ్ళ ట్రే పట్టుకుని వెనకే నడిచింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పనిమీదే. చెవులు మాత్రం బాల్కనీ దగ్గరే వదిలేసి వచ్చింది.

వచ్చింది రామబ్రహ్మం, జయలక్ష్మి దంపతులు. తెల్లాపూర్‌లో విల్లా కొన్నారు. దాని అలంకరణ సంయుక్తకు అప్పగించాలా వద్దా తేల్చుకోవడానికి, ఆమె తనకోసం చేసుకున్న ఇల్లు చూద్దామని వచ్చారు. రాయదుర్గం టవర్‌లో పై రెండంతస్తులూ కలిపేసిన ఇల్లు అది. సున్నం వేయని ఇటుక గోడలు, పైన దూలాలు, ఎక్కడ చూసినా ఏ ఊళ్ళనుంచో తెచ్చిన పాత సామాను.

ఒక గోడకు ఊరికే ఆనించిన గుమ్మం ఉంది. గడపకు పసుపు ఇంకా వదల్లేదు. అది దాటితే ఏ గది వస్తుందని జయలక్ష్మి అడిగింది. ఏమీ రాదని నవ్వింది సంయుక్త.

“మరి ఈ గుమ్మం తాలూకు ఇల్లేమైందండీ?”

“ఇల్లు నాకెందుకండీ? గుమ్మం బాగుంది, పీకించి తెచ్చుకున్నాను.”

పక్కనే కథలు చెప్పేవాళ్ళ పొడవాటి బొమ్మల పటాన్ని నాలుగు ముక్కలుగా కోసి, నాలుగు ఫ్రేముల్లో బిగించారు. ముక్కల మధ్య కథ ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. రామబ్రహ్మం ఆవులింత ఆపుకుంటూ, మ్యూజియంలో కాపురం చేసినట్టుంటుందని భార్య చెవిలో గొణిగాడు. సంయుక్తకు వినబడింది. నవ్వు చెదరలేదు గానీ నడక పెంచింది.

మెట్లెక్కగానే పిల్లల్ని ఊపే, చిలకలు చెక్కిన పాత చెక్క తొట్టెల దూలానికి ఇత్తడి గొలుసులతో వేలాడుతోంది. జయలక్ష్మి ముచ్చటపడి దాన్ని ఒక్క తోపు తోసింది. ఖాళీ తొట్టెల కిర్రుమంటూ పోయి వచ్చింది.

రోహిణి చటుక్కున ఒకడుగు ముందుకు వేసింది. ఖాళీ తొట్టెల ఊపితే ఆ ఇంట్లోని పసిగుడ్డుకు కీడని పుట్టింటా విన్నది, అత్తింటా విన్నది. రోజూ దుమ్ము దులిపేటప్పుడు కూడా కదలకుండా ఒక చేత్తో పట్టుకునేది. ఇవాళ బిడ్డ ఈ కప్పు కిందే ఉంది. తొట్టెల ఊగినప్పుడల్లా ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి. జయలక్ష్మి ఇంకోసారి తోయబోయింది.

“ఖాళీ తొట్టెల ఊపొద్దమ్మా. ఇంట్ల పసిబిడ్డకు మంచిది గాదు.”

అన్నాక గానీ తెలియలేదు, నోరు జారిందని.

“ఈ ఇంట్లో పసిబిడ్డ ఎక్కడుందమ్మాయ్?” అంది జయలక్ష్మి.

సంయుక్త చూపు చల్లగా వచ్చి తగిలింది. ఎవరూ లేరని చెప్పబోయింది రోహిణి. ఆ లోపే కింద బాల్కనీలోంచి బిడ్డే జవాబిచ్చింది. సన్నగా మొదలుపెట్టి గుక్కపట్టింది. రోహిణికి రొమ్ములు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. ట్రే కింద పెట్టాలని కూడా తోచక కొయ్యబారిపోయింది.

“ఖాళీగా ఊపొద్దన్నావుగా, తీసుకొచ్చి పడుకోబెట్టు మరి,” అంది జయలక్ష్మి.

సంయుక్త ఒక్క క్షణం ఆలోచించి, సరేనన్నట్టు తల ఊపింది.

తొట్టెలలో వెయ్యగానే బిడ్డ చిలకల్ని చూసింది. ఏడుపు మానేసి, కాళ్ళు కొట్టుకుంటూ బోసినవ్వు నవ్వింది. రామబ్రహ్మం ఫోన్ తీసి అటునుంచీ ఇటునుంచీ ఫొటోలు తీసుకున్నాడు. ఇప్పుడు ఇల్లులా ఉందన్నాడు. ఇలాంటి తొట్టెలతో సహా విల్లా మొత్తం మీ చేతుల్లోనే పెడుతున్నామని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

తలుపు మూసుకున్నాక రోహిణి గబగబా మెట్లెక్కి బిడ్డను భుజాన వేసుకుంది. వెనకే సంయుక్త వచ్చింది. ముఖంలో నవ్వు ఇంకా పోలేదు.

“రేపు ఇల్లు చూడ్డానికి ఇంకో రెండు పార్టీలు వస్తున్నాయి. పాప ఉండాలి. రేపేంటి, రోజూ ఉండాలి. ఈ కాటుక, ఈ దిష్టిచుక్క ఇలాగే ఉంచు.”

రోహిణికి కళ్ళు చెమ్మగిల్లాయి. రోజూ బిడ్డ కళ్ళెదుటే. అత్త మోకాళ్ళకూ సుఖం. చేతుల్లో బిడ్డ లేకపోతే దండం పెట్టేదే.

“పొద్దుగాల్నే తీసుకొస్త మేడమ్.”

“మీ అత్తతో పంపించు. సీసాలో పాలు పోసివ్వు.”

“అత్తమ్మ ఎందుకు మేడమ్, నేనొస్త గద.”

“నువ్వెందుకు రోహిణీ? పిల్ల గొంతు వినిపిస్తే నీకిదే ఆఖరి రోజని ముందే చెప్పానుగా,” అంది సంయుక్త, ఖాళీ తొట్టెలను ఒక వేలితో ఊపుతూ.