మెమరీ ఒకటి వేస్తే చాలదూ?

"పోయినేడు పంపినదానికే మెమరీ ఒకటి కొత్తది వేస్తే చాలదూ?" అన్నాడు వెన్‌షాన్.

షాపాయన లియావ్ చేతిలో పని ఆపలేదు. వెన్‌షాన్ భార్య మెయ్‌యున్ మాత్రం భర్తని అదోలా చూసింది.

"ఇంట్లో కంప్యూటర్ డబ్బాకీ ఇదే మాట అన్నారు," అంది. "తొమ్మిదేళ్లు అదే పాట పాడారు."

తైనాన్‌లో ఆ షాపున్న సందంతా మధ్యాహ్నం ఎండకి మాడిపోతోంది. వాళ్ల పంచాంగంలో ఏడో నెల కావడంతో షాపు కిటకిటలాడుతోంది. ఈ నెల దాటితే మళ్లీ ఏడాది ఆగాలి కాబట్టి అందరికీ తొందరే.

వెన్‌షాన్‌ని పిసినారి అనలేం. దేన్నీ పారేయలేడు, అంతే. ఇంట్లో కంప్యూటర్‌కి ఒక ఏడు మెమరీ వేయించాడు, ఒక ఏడు ఫ్యాను మార్పించాడు, మరో ఏడు ఎవరో వద్దనుకున్న హార్డ్ డిస్క్ తెచ్చి బిగించాడు. కొడుకు కాయ్‌హాన్ డిజైన్ కోర్సులో చేరాక, "నాన్నా, ఇది మా పనిని మోయలేదు, కొత్తది కొందాం" అని ఎన్నిసార్లు అడిగాడో. "వచ్చే ఏడాది చూద్దాం లేరా" అనేవాడు.

అడిగి అడిగి విసిగి, కాయ్‌హాన్ ఆ డబ్బా మీద ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్టు ఒకటి పెట్టాడు. అది పెడితే యంత్రం బుద్ధిగా నడుస్తుందని అక్కడ అందరి నమ్మకం. ఆకుపచ్చదే అయ్యుండాలి, తేదీ దాటకూడదు, తినకూడదు.

ప్యాకెట్టు ఉన్నా, ప్రాజెక్టు అప్పగించాల్సిన రోజునే డబ్బా మొరాయించింది. వానలోనే స్కూటర్ తీసి నెట్ కేఫ్‌కి బయలుదేరాడు కాయ్‌హాన్. ఆ తర్వాత తండ్రి దగ్గర కొత్త కంప్యూటర్ ఊసెత్తలేదు. అసలు తండ్రితో మాటే లేదు. ఏదున్నా వాళ్లమ్మకే చెబుతాడు.

ఇప్పుడా గది తలుపు వేసే ఉంటుంది. ఒక్కోసారి లోపల్నించి పాత ఫ్యాను గుర్రుమన్నట్టు వినిపిస్తుంది వెన్‌షాన్‌కి. తలుపు తీసి చూస్తే ప్లగ్గు పీకే ఉంటుంది. ప్యాకెట్టు తేదీ ఎప్పుడో దాటిపోయింది. దాన్ని మార్చడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ చప్పుడుకి అతనికి భయం వేసేది. వినిపించని రోజున మాత్రం ఇంకా దిగులుగా ఉండేది.

"ఇంతకీ మీ వాడేమంటున్నాడమ్మా?" అడిగాడు లియావ్.

"పోయినేడు పంపిందాంట్లో పని జరగట్లేదంట. చుట్టుపక్కలవాళ్లంతా దానిమీదే పడుంటారంట, వీడి చేతికే రాదంట. మొన్న తెల్లవారుజామున చెప్పాడు నాతో. మొహమంతా పీక్కుపోయింది బిడ్డకి."

"పేరు రాసి పంపారా?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రాయాలని మాకెవరూ చెప్పలేదే," అన్నాడు వెన్‌షాన్.

"ఇది కూడా చెప్పాలా సార్? అక్కడెంతమంది ఉంటారో ఏంటో. పేరు లేకపోతే ఎవడికి దొరికితే వాడిదే. మీరు మెమరీ అడిగితే పది నిమిషాల్లో చేసిస్తాను, నాకేం పోయింది? అదీ వాళ్లే వాడుకుంటారు."

వెన్‌షాన్ భార్యని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"నా గురించి ఏమన్నా అడిగాడా?"

"లేదు."

"కోపంగా ఉన్నాడంటావా?"

"ఏమో. మీ మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు."

కొడుకు కోపం తనకి న్యాయమే అనిపించింది. ఆ న్యాయాన్ని భరించడమే కష్టంగా ఉంది. తిరిగొచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"కొత్తదే ఇవ్వండి. మీ దగ్గర అన్నిటికంటే పెద్దది. మానిటర్లు రెండు. గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటే గొప్పది వేయండి."

మెయ్‌యున్ నోరు తెరిచింది.

"కుర్చీ కూడా," అన్నాడు. "నడుం నొప్పి రాని రకం."

"ఈ మనిషేనా," అంది ఆమె. అంటూనే కళ్లు తుడుచుకుంది.

లియావ్ ఒక చీటీ ఇచ్చాడు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ రాశాడు వెన్‌షాన్. "కింద రెండో తేదీ గడి కూడా నింపండి," అన్నాడు లియావ్. అక్కడ కలం కాసేపు ఆగింది. చివర్న, పంపేవారు అన్నచోట 'నాన్న' అని రాసి, చదువుకుని, మళ్లీ దాని మీదే గట్టిగా దిద్దాడు.

మెయ్‌యున్ ఎదురు కొట్టుకి వెళ్లి ఆకుపచ్చ ప్యాకెట్టు తెచ్చింది. తేదీ రెండుసార్లు చూసింది.

వెన్‌షాన్ ఆ సరంజామా అంతా ఒంటిచేత్తో ఎత్తుకుని బయటికి నడిచాడు.

"వాన పడేట్టుంది, తడవనీయకండి," వెనకనుంచి కేకేశాడు లియావ్.

ఇంటికి చేరేసరికి నాలుగైంది. వాన ఇంకా పట్టలేదు. గుమ్మం ముందు అన్నీ సిద్ధం చేసింది మెయ్‌యున్. పోయినసారి పిలిచింది ఆమే.

"ఈసారి నేను పిలుస్తాను," అన్నాడు వెన్‌షాన్. "వస్తాడంటావా?"

"పిలిచి చూడండి."

ఇనప తొట్టిలో మంట బాగా అందుకున్నాక, వెదురుపుల్లలకి రంగుకాగితాలు అంటించి చేసిన, కాలిస్తేనే అవతలి లోకానికి చేరే ఆ కంప్యూటర్‌ని తన చేతులతోనే అందులో పెట్టి, పోయి మూడేళ్లయినా ఒక్కసారీ తన కలలోకి రాని కొడుకుని వెన్‌షాన్ వీధంతా వినబడేలా పిలిచాడు, "కాయ్‌హాన్, నాన్ననిరా, వచ్చి తీసుకో."