లోతువైపు మెట్లు

“నిదానం, నిదానం. మోకాలు వంచకుండా ఎక్కండి” అన్నాడు టోపీ పెద్దాయన.

ఇంటాయన ఎడమకాలికి ఒక చెక్క బద్ద, దాని చుట్టూ బిగించి కట్టిన తువ్వాలు. ఎదురుగా నిగనిగలాడే స్టీలు నిచ్చెన. పెరట్లో కడుతున్న ఈతకొలనులో, ఇంకా నీళ్లు నింపని ఎనిమిది అడుగుల లోతువైపున జరుగుతోంది ఈ తతంగం.

మొదటి మెట్టు ఎక్కాడు. రెండో మెట్టు మీదికి కట్టిన కాలు రానని మొండికేసింది. మూడో మెట్టు సంగతి దేవుడెరుగు, ఇంటాయన నిచ్చెనను కావలించుకుని వేలాడుతూ ఉండిపోయాడు.

గట్టు మీంచి చూస్తున్న ఆయన భార్య పడీపడీ నవ్వింది.

“ఫోటో తియ్యనా?”

“ముందు నన్ను దింపండ్రా బాబూ!”

మేస్త్రీ, పనివాళ్లు కలిసి దింపారు.

“నీళ్లు లేనప్పుడే ఇలా ఉంది” అన్నాడు పెద్దాయన కట్టు విప్పుతూ. “అమ్మగారు అరగంట ఈది, అలసిపోయి, తడిచేతులతో ఎక్కాలి. అదీ ఆపరేషనైన మోకాలితో.”

ఇంటాయన ముఖం చిన్నబోయింది. అసలు ఈ కొలను కట్టిస్తున్నదే టీచరుగా రిటైరైన అమ్మ కోసం. చిన్నప్పటి నుంచీ ఈతంటే ప్రాణం ఆమెకు. ఆపరేషనయ్యాక కొన్నాళ్లకు ఎందుకో పూర్తిగా మానేసింది. రెండేళ్లయింది, దాంతోపాటే నవ్వడమూ తగ్గించింది. ఇప్పుడు కూతురింటికి వెళ్లింది కాబట్టి, తిరిగొచ్చేలోగా కట్టేసి చూపించాలని కొడుకు ఆరాటం.

“పోనీ, లోతు తక్కువ వైపే ఈదుతుంది లెండి. అక్కడ మెట్లున్నాయిగా.”

“నడుంలోతు నీళ్లలో ఆమె ఈదరు బాబూ. అలిగి గట్టు మీద కూర్చుంటారు.”

అచ్చం అమ్మ సంగతే. ఈయనకెలా తెలిసిందబ్బా అనుకున్నాడు ఇంటాయన. పెద్దవాళ్లందరూ అంతే కాబోలని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

“అయితే ఏం చేద్దామంటారు?”

పెద్దాయన సుద్దముక్కతో మూలగోడ మీద బొమ్మ గీశాడు. గోడను తొలిచి మెట్లు. ఒక్కోటి అరడుగు ఎత్తే, పాదం మొత్తం ఆనేంత వెడల్పు. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు. అన్నిటికన్నా కింద, కూర్చుంటే నీళ్లు భుజాల దాకా వచ్చేచోట, ఆయాసం తీర్చుకోవడానికి ఒక అరుగు. నీళ్లలో కూడా కనబడేలా అంచులకు ముదురు నీలం పలకలు.

“అందం చెడిపోతుంది” అని గొణిగాడు ఇంటాయన.

“కట్టిన గోడ పగలగొట్టాలి” అని గొణిగాడు మేస్త్రీ.

గొణిగారే గానీ, ఇద్దరిలో ఒక్కరూ కాదనలేకపోయారు.

పదిరోజులు పెద్దాయన పొద్దున్నే ఠంచనుగా వచ్చాడు. ఒక మెట్టు వేలెడు ఎత్తు ఎక్కువైందని పగలగొట్టించాడు. మేస్త్రీ లోలోపల పళ్లు నూరుకున్నాడు. పలకలు జారుతున్నాయని షాపుకు తిప్పి పంపించాడు. ఇంటాయన తల పట్టుకున్నాడు. ఇల్లాలు మాత్రం రోజూ కాఫీ ఇచ్చేది. ఆయన అరుగు మీద కూర్చుని తాగుతూ, లేని నీళ్లలో కాళ్లాడించేవాడు.

ఆఖరి పలక అంటించిన రోజు కమ్మీని రెండు చేతులా ఊపి చూసి, “ఇక భయం లేదు” అన్నాడు. మళ్లీ రాలేదు.

వారానికి అమ్మ వచ్చింది. కొలను చూసి, “నీకేమైనా పిచ్చా?” అని కొడుకును తిట్టి, కళ్లు తుడుచుకుని, పది నిమిషాల్లో నీళ్లలో ఉంది.

తిన్నగా లోతువైపుకే.

“అత్తయ్యా, జాగ్రత్త!” అని కోడలు అరుస్తూనే ఉంది. వింటే కదా! అటూ ఇటూ అరగంట ఈదింది. కొడుకు గట్టు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఆఖరికి మూలకొచ్చి అరుగు మీద కూర్చుంది. ఆయాసం తీరాక, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. కొడుకు చాచిన చేతిని పక్కకు నెట్టి గట్టు మీద నిలబడింది.

“ఎవర్రా ఇంత బాగా కట్టింది? ఆ చేతులకు దండం పెట్టాలి.”

మిగిలిన సామాను తీసుకెళ్లడానికొచ్చిన మేస్త్రీ సిగ్గుపడ్డాడు.

“నాదేముందమ్మా? అంతా మీ పెద్దాయన చలవే.”

“మా పెద్దాయనా?” ఇంటాయన తెల్లబోయాడు. “మీ కంపెనీ ఇంజనీరు కాదూ? టేపు పట్టుకుని నీ పక్కనే ఉండేవాడుగా!”

“ఆ టేపు నాదేనండీ, అడిగి తీసుకున్నాడు. మొదటిరోజు వచ్చి, టీచరమ్మగారిల్లు ఇదేనా, కొలను ఆవిడకేనా అనడిగాడు. మీ బాబాయిగారేమో అనుకుని చెప్పినట్టల్లా చేశాను. లేకపోతే కట్టిన గోడ పగలగొడతానా?”

“నేను ఇంజనీరనుకుని నోరు మూసుకున్నాను!”

“మరి నా కాఫీలన్నీ ఎవరు తాగినట్టు?” అంది కోడలు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. అమ్మ కూడా తల తుడుచుకుంటూ గట్టిగా నవ్వింది.

“ఇంతకీ మనిషెలా ఉంటాడు?” అనడిగింది అమ్మ.

“సన్నగా, పొడుగ్గా. కుడి కనుబొమ్మ మీద గాటు. మాటకు ముందు ‘నిదానం, నిదానం’ అంటాడు.”

అమ్మ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ఊరొదిలి వెళ్లిపోతున్నానన్నాడమ్మా. ఎక్కడికో చెప్పలేదు” అన్నాడు మేస్త్రీ.

అమ్మ నెమ్మదిగా మెట్ల మీద కూర్చుంది.

“ఊరి ఈతకొలనులో లైఫ్‌గార్డురా అతను. నిచ్చెన ఎక్కలేరు, లోతుకు వెళ్లొద్దని నన్ను ఆపేశాడు. నలుగురిలో నాకు తల కొట్టేసినట్టయింది. మీకెవరికీ చెప్పకుండా ఆఫీసుకు అతని మీద ఫిర్యాదు కాగితం రాశాను.”

ఆమె తడిచేత్తో కమ్మీని గట్టిగా పట్టుకుంది.

“ఆ కాగితంతోనే అతని ఉద్యోగం ఊడింది.”