కదలని కళ్లు

"కళ్లు తిరుగుతున్నాయి సార్" అన్నాడతను, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

డాక్టరు నమ్మలేదు. కళ్లు తిరిగేవాడు స్టూలు అంత చులాగ్గా లాక్కోడు. ముందు చేత్తో తడిమి చూసుకుంటాడు.

భార్య గోడవారగా వచ్చి, పక్క కుర్చీలో మెల్లగా కూర్చుంది. దొంగ సొత్తు కొంగున కట్టుకున్నట్టుంది ఆమె వాలకం.

సైటులో క్రేను మనుషులని కాంపౌండరు ముందే చెప్పాడు. కిటికీలోంచి ఆ క్రేను కనిపిస్తూనే ఉంది, ఒంటికాలి కొంగలా. చుట్టుపక్కల చెవి డాక్టరు ఈయనొక్కడే. సైటువాళ్లను చూసేదీ ఈయనే. క్రేను ఎక్కే మనిషికి కళ్లు తిరుగుతున్నాయని ఒక్క మాట చెబితే ఆ పూటే దింపేస్తారు. మళ్లీ ఎక్కనివ్వడం వాళ్ల దయ. ఎక్కడం ఇష్టంలేనివాడికి ఇంతకంటే సులువైన దారి లేదు.

"ఎప్పుడు తిరుగుతాయి?"

అతను భార్య వైపు చూశాడు.

"పక్క మీద కుడివైపు ఒత్తిగిలితే" అంది ఆమె. "తల పైకెత్తినా అంతే. ఇల్లంతా గిర్రున తిరుగుతుంది. కడుపులో దేవుతుంది. కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది."

చెవిలో హోరు ఉందా అని డాక్టరు అడిగాడు. అతను ఉందన్నాడు. ఆమె లేదంది. అతనూ వెంటనే లేదన్నాడు.

"వచ్చేముందు ఇద్దరూ ఒక మాట అనుకోవాల్సింది" అన్నాడు డాక్టరు.

ఆమె నవ్వలేదు, తల దించుకోలేదు. మెడ బిగబట్టి తిన్నగా చూస్తూ కూర్చుంది. ఆడిస్తున్నది ఈవిడే అనుకున్నాడు డాక్టరు. మొగుణ్ణి అంత ఎత్తుకు పంపడం ఇష్టంలేని మనిషి ఎంత పాఠమైనా నేర్పుతుంది.

బీపీ చూశాడు. బాగానే ఉంది. తర్వాత అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టాడు. నాలుక దాచినా కళ్లు దాచలేవు. ఈ జబ్బు నిజంగా ఉంటే కనుగుడ్లు గిలగిల కొట్టుకుంటాయి.

అతని కళ్లు మేకు కొట్టినట్టు నిలబడ్డాయి.

"నిజంగా ఉంటే ఏం చేస్తారు సార్?" అని అడిగింది ఆమె.

డాక్టరు అనుమానంగానే చెప్పాడు. చెవి లోపల ఇసుక నలుసుల్లాంటివి ఉంటాయి. అవి చోటు తప్పితే తల తిప్పినప్పుడల్లా లోకం తిరుగుతుంది. మాత్రలు వాంతిని ఆపుతాయిగానీ నలుసుల్ని కదపలేవు. తలను వరసగా అటూ ఇటూ తిప్పి వాటిని మళ్లీ చోటికి చేర్చాలి. కొందరికి ఒక్కసారికే పోతుంది, కొందరికి తిరగబెడుతుంది. పోయిందని తేలేదాకా ఎత్తులు ఎక్కకూడదు.

"పైన ఉండగా వస్తే?"

"గాల్లో బరువు వేలాడుతుంటే, కింద ఎవరున్నారన్నదే లెక్క."

ఆమె కిటికీలోంచి క్రేను వైపు చూసింది.

"నీకేమీ లేదు" అన్నాడు డాక్టరు అతనితో. "నాటకాలు కట్టిపెట్టు. క్రేను మనిషి రాయిలా ఉన్నాడని సైటుకు నేనే ఫోన్ చేస్తాను. రేపు పొద్దున ఎక్కాల్సిందే."

దొరికిపోయినవాడి మొహం పాలిపోవాలి. ఇతని మొహం వికసించింది. మంచిది సార్, అలాగే చెప్పండి సార్ అంటూ చెప్పులు వేసుకున్నాడు. డాక్టరుకు ఇది మరీ వింతగా తోచింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు గానీ ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. కిటికీ అవతల, క్రేనుకు వేలాడుతున్న ఇటుకల మోపు కింద నుంచి కూలీలు టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ వెళ్తున్నారు. ఒకడు ఏదో అన్నాడు, అందరూ నవ్వారు.

"చెప్పారుగా, ఇక పద" అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

ఆమె లేచి, బల్ల అంచు పట్టుకుంది.

"ఫోన్ పక్కనబెట్టి నా కళ్లు చూడండి సార్, రేపు పొద్దున ఆ క్రేను ఎక్కాల్సింది నేను."