చెయ్యి అక్కర్లేని రేకు

తువాస్‌లో తను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మా కోడలు మహతి, బూట్లు విప్పకుండానే అంది: "పెద్ద ఎలక్ట్రోడ్ పనిచేసింది, మామయ్యగారూ."

బొగ్గుపులుసు వాయువును కరెంటుతో ఇంధనంగా మార్చే రేకు అది. తపాలాబిళ్లంత రేకు మీద మా అబ్బాయి అభిజిత్ కుంచెతో మందు పూస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. తలుపంత రేకు చేయబోతే మాత్రం నీళ్లు చొరబడి చెడిపోయేది. చిన్న పెనం మీద చక్కగా వచ్చే అట్టు, పెళ్లివంటల పెనం మీద అంచులు మాడి నడుమ అతుక్కుంటుందే, అదే గొడవ. నాకు చదువు అట్ల దాకానే వచ్చింది.

"మరి స్వీట్లేవమ్మా?"

"మెషీన్‌తోనే పూశారు. ఇంక చెయ్యి అక్కర్లేదట."

ఆమె ముఖంలో సంతోషమేమీ లేదు. ఫ్యాన్ వేసుకుని కూర్చుంది.

"ఫెయిలైనప్పుడల్లా ల్యాబ్‌లో ఎవరో ఒకరు, 'అభిజిత్ ఎలా పూసేవాడు?' అని అడిగేవారు. ఇంక అడగరు."

వాడు పోయిన దగ్గర్నుంచీ ఇవాళ్టిదాకా ఈ ఇంట్లో మేమిద్దరం వాడి పేరెత్తలేదు.

నా కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"నాకు చెప్పమ్మా. ఎలా పూసేవాడు?"

"ఎడంచేత్తో," అంది, బూట్లు విప్పుకుంటూ.